ఎండలూ వరదలూ చూసి నిరాశ వస్తోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

మాది బెజవాడ. కొన్నేళ్ళుగా ప్రతి ఫిబ్రవరి, మార్చిలో మేం కొంతమందిమి కలిసి కొండ మీద రేకుల ఇళ్ళ పైకప్పులకి, లోపల వేడి తగ్గాలని, సున్నం వేస్తున్నాం, మధ్యలో కాలేజీలకీ స్కూళ్ళకీ పిలిస్తే వెళ్ళి మాట్లాడుతున్నాం. ఎక్కడికెళ్ళినా అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు, అందుకే అన్నీ ఒకచోట పెడుతున్నా. కొన్నిటికి జవాబు పొడుగ్గా ఉంటుంది, కొన్నిటికి రెండు ముక్కల్లో అయిపోతుంది.

నిజం చెప్పండి, ఇంకా ఆశ ఉందా? లేక మనల్ని మనం మభ్యపెట్టుకుంటున్నామా?

ఉంది. కానీ "అంతా బాగైపోతుందిలే" అనే రకం ఆశ కాదు, అది నేనూ ఇవ్వలేను. వేడెక్కడం అనేది స్విచ్ కాదు, ఆన్ అయితే మొత్తం పోయినట్టు ఆఫ్ అయితే మొత్తం మిగిలినట్టు ఉండదు, డిగ్రీలో పదో వంతు తగ్గినా ఆ పదో వంతుకి బతికే మనుషులు ఉంటారు. పగడపు దిబ్బల సంగతే చూడండి, ఫ్యాక్టరీల కాలానికి ముందుతో పోలిస్తే భూమి సగటున 1.5 డిగ్రీలు వేడెక్కితే 70 నుంచి 90 శాతం పోతాయని, 2 డిగ్రీలైతే 99 శాతం పైనే పోతాయని ఐక్యరాజ్యసమితి వాతావరణ సంఘం ఐపీసీసీ సైంటిస్టులు లెక్కగట్టారు. తేడా అర డిగ్రీయే, కానీ సముద్రంలో ఒక లోకం ఉండటానికీ ఉండకపోవడానికీ మధ్య తేడా అది.

ఇంకోటి, 2015లో ఈ వేడిని అదుపు చేద్దామని దేశాల మధ్య పారిస్ ఒప్పందం కుదిరే నాటికి ఈ శతాబ్దం చివరికి 3 నుంచి 4 డిగ్రీల వేడి వైపు పోతున్నాం, ఇప్పుడున్న పాలసీలతో లెక్క వేస్తే 3 లోపుకి వచ్చింది. ఇది చాలదు, అస్సలు చాలదు, అయినా దిగింది కదా, దానంతట అది దిగలేదు, మనుషులు పనిచేస్తే దిగింది. ఇంకో ముఖ్యమైన విషయం చాలామందికి తెలీదు. మనం గాల్లోకి వదిలే కార్బన్ డయాక్సైడ్ నికరంగా సున్నాకి వస్తే, అంటే వదిలినంతా తిరిగి పీల్చేసే స్థితి వస్తే, భూమి ఇంకా ఇంకా వేడెక్కడం దాదాపు ఆగిపోతుందని సైన్స్ చెబుతోంది. ఎక్కిన వేడి వెంటనే దిగదు గానీ ఎక్కడం ఆగుతుంది. అంటే బ్రేక్ మన కాలి కిందే ఉంది, వేయడమే ఆలస్యం అవుతోంది.

1.5 డిగ్రీలు ఆల్రెడీ దాటిపోయాం అన్నారు, ఇంక చేసేదేముంది?

2024 ఒక్క సంవత్సరం సగటు 1.5 దాటిన మాట నిజమే. పారిస్ ఒప్పందం పెట్టుకున్న 1.5 హద్దుకి లెక్క ఒక్క ఏడాది కాదు, సైంటిస్టులు చూసేది సుమారు ఇరవై ఏళ్ళ సగటు, అది ఇంకా దాటలేదు గానీ దగ్గరికి వచ్చేశాం, ఇలాగే పోతే దాటతాం కూడా. అప్పుడు 1.6 దగ్గర ఆపడానికి పోరాడాలి, అదీ పోతే 1.7 దగ్గర. జ్వరం 102 వచ్చింది కదా అని మందు మానేసి 105 దాకా పోనివ్వం కదండీ.

వార్తలు చదివితే భయమేస్తోంది, రాత్రి నిద్ర పట్టట్లేదు. ఇది మామూలేనా?

మామూలే. 2021లో 10 దేశాల్లో 10,000 మంది కుర్రకారుని అడిగితే, వాళ్ళలో మన దేశం వాళ్ళు కూడా ఉన్నారు, 59 శాతం మంది చాలా ఆందోళనగా ఉందన్నారు. కాబట్టి మీరొక్కరే కాదు, మీకు పిచ్చీ కాదు, జరుగుతున్నది అర్థమైన మనిషికి భయం వేయడం సహజం.

మా ఊళ్ళో ఇది పుస్తకాల్లో విషయం కూడా కాదు. 2024 సెప్టెంబర్ 1 తెల్లారేసరికి బుడమేరు వాగు పొంగి వచ్చి సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట మునిగాయి, మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు పోయాయి, అంతకు ముందు ఎన్నడూ అంత రాలేదు. ఒక డిగ్రీ వేడెక్కిన గాలి 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది, ఆ తేమంతా ఒకేసారి కురిస్తే ఇలాగే ఉంటుంది. దానికి తోడు బుడమేరు దారి పొడవునా ఆక్రమణలు, గట్లకి గండ్లు, అదీ చెప్పాలి, తప్పంతా ఆకాశం మీద వేయకూడదు. మా పక్క వీధి పాప ఇప్పటికీ రాత్రి గట్టిగా వాన పడితే లేచి మంచం మీద నుంచే కిందకి చూస్తుంది, నేల పొడిగా ఉందా అని. ఆ పాపకి "భయపడకు" అని చెప్పి ఏం లాభం? వాళ్ళమ్మ ఒక పని చేసింది, స్కూల్ సర్టిఫికెట్లు, ఆధార్ కార్డులు, బియ్యం, టార్చ్ లైటు అటక మీద ఏ డబ్బాలో ఉన్నాయో పాప చేతే సర్దించింది, నీళ్ళొస్తే ముందు ఎవరింటి మేడ ఎక్కాలో కూడా చూపించింది. వాన రాత్రుళ్ళు పాప ఇప్పుడు కూడా లేస్తుంది, కానీ ఆ డబ్బా చూసుకుని మళ్ళీ పడుకుంటుందట.

మీ విషయంలో నేను చెప్పేది ఏంటంటే, పడుకునే ముందు ఫోన్లో వరద వీడియోలు చూడటం మానేయండి, వార్తలకి పగలు ఒక టైమ్ పెట్టుకోండి, భయం గురించి ఇంకో మనిషితో నోరు తెరిచి మాట్లాడండి. తిండీ నిద్రా పోయి రోజులు గడుస్తుంటే మాత్రం డాక్టర్ని కలవండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఫ్రీయే, తెలుగులో మాట్లాడొచ్చు.

నేనొక్కణ్ణి చేస్తే ఏమవుతుంది? అమెరికా వాళ్ళు, చైనా వాళ్ళు చేయాలి గానీ.

ఈ ప్రశ్న అడగని కాలేజీ లేదు. సగం న్యాయమైన ప్రశ్న కూడా, ఎందుకంటే మన దేశంలో తలకి ఏడాదికి 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ అయితే అమెరికాలో 14 టన్నుల పైమాటే, వాళ్ళ బాధ్యత ఎక్కువ, అది అడగాలి, గట్టిగానే అడగాలి. కానీ అడిగేసి మనం చేతులు కట్టుకుని కూర్చుంటే ఎండ ఎవరికి తగుల్తుంది? మన ముఠా కూలీకి, మన మిర్చి యార్డులో మోసేవాళ్ళకి.

ఇంక "ఒక్కణ్ణి" అనే మాట. ఎల్ఈడీ బల్బు గుర్తుందా, 2014 ప్రాంతంలో ప్రభుత్వం టోకున కొనే ధరే 300 పైన ఉండేది. తర్వాత ఉజాలా స్కీమ్ వచ్చి కోట్ల ఇళ్ళు కొనడం మొదలెడితే రెండేళ్ళలో ఆ ధర 40 లోపుకి పడిపోయింది, దేశం మొత్తం మీద 36 కోట్ల పైన బల్బులు ఇచ్చారు. మా నాన్న రెండు బల్బులు తెచ్చి పాతవి తీసేసినప్పుడు ప్రపంచాన్ని మారుస్తున్నా అనుకోలేదు, కరెంటు బిల్లు తగ్గుతుందని తెచ్చాడు, కానీ అందరి నాన్నలూ తెచ్చేసరికి గుండు బల్బు అనేదే షాపుల్లోంచి మాయమైంది. సోలార్ కూడా అంతే, 2014లో దేశంలో 3 గిగావాట్లు కూడా లేదు, 2025 మొదట్లోనే 100 గిగావాట్లు దాటింది. మా ఇబ్రహీంపట్నం బొగ్గు కరెంటు ప్లాంటు వీటీపీఎస్ చిమ్నీలు ఇంకా పొగ వదులుతూనే ఉన్నాయి, మనం వాడే కరెంటులో ఇప్పటికీ ఎక్కువ భాగం బొగ్గుదే, అది దాచాల్సిన పనిలేదు. అయినా దేశంలో పెట్టిన కరెంటు ప్లాంట్ల మొత్తం కెపాసిటీలో సగం బొగ్గూ గ్యాసూ కానిది అయింది, 2030కి పెట్టుకున్న టార్గెట్ అది, 2025లోనే వచ్చేసింది.

ఇంకో విషయం నాకు చాలా ధైర్యం ఇచ్చింది. 125 దేశాల్లో జనాన్ని అడిగిన సర్వే ఒకటి 2024లో వచ్చింది, నెల ఆదాయంలో ఒక శాతం దీనికోసం ఇస్తారా అంటే 69 శాతం మంది ఇస్తాం అన్నారు. కానీ "మీ దేశంలో మిగతా వాళ్ళు ఇస్తారా" అంటే మాత్రం సగం కంటే తక్కువ మందే ఇస్తారని అంచనా వేశారు. అంటే అందరూ మనసులో "నేను రెడీ, వీళ్ళే రారు" అనుకుంటూ కూర్చున్నారు. మీ అపార్ట్‌మెంట్లో కూడా ఇదే జరుగుతోంది, కావాలంటే అడిగి చూడండి.

అన్నీ తెలుసు, కానీ చేయాలనే మూడ్ రావట్లేదు. మోటివేషన్ ఎలా తెచ్చుకోవాలి?

తెచ్చుకోకండి. నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది, మొదటి రెండేళ్ళు నేనూ ఆశ వస్తే పని మొదలెడదామని ఎదురుచూసాను, అది రాలేదు. మా అమ్మమ్మ వాళ్ళది పల్నాడు వైపు, అక్కడ ఏరువాక రోజు అరక కట్టే రైతుకి ఆ ఏడు వానలు పడతాయని ఎవరైనా రాసిచ్చారా? తొలకరి పడింది, అదను పోతుంది, కట్టాడు. ఆశ తర్వాత మొలకతో పాటు వస్తుంది.

నాకు ఎలా వచ్చిందో చెప్తాను. మొదటి ఏడు సున్నం వేసిన ఇళ్ళలో ఒక మామ్మగారి ఇల్లు ఉంది, కొండ మీద పైనుంచి మూడో వరస, ఒకటే గది, పైన సిమెంటు రేకులు. ఆవిడ మల్లెపూలు తెచ్చి మూరలు కట్టి సాయంత్రం కిందకి దిగి అమ్ముతుంది. ఎండాకాలం పదకొండు నుంచి ఐదింటిదాకా ఇంట్లో కూర్చోలేక పక్కింటి వేపచెట్టు నీడలో మెట్ల మీద కూర్చుని కట్టేది, తడిగుడ్డ కప్పేది, పదిహేను నిమిషాలకోసారి గుడ్డ తడిపేది, ఆ నీళ్ళు మళ్ళీ కింది కుళాయి నుంచి బిందెతో మోసినవే. మేం వెళ్ళి సున్నంలో ఫెవికాల్ కలిపి రెండు కోటింగులు వేసాం, మధ్యాహ్నం పన్నెండుకి అయిపోయింది, మా చేతులు పగిలిపోయాయి, ఆవిడ మజ్జిగ ఇచ్చింది, వచ్చేశాం. నిజానికి ఆ రోజు నాకేమీ అనిపించలేదు, అలసట తప్ప. మర్నాడు బకెట్లు మర్చిపోయామని రెండున్నర టైములో మళ్ళీ ఎక్కాను. మెట్ల మీద ఎవరూ లేరు. తలుపు తీసి ఉంది, ఆవిడ లోపల గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుని పూలు కడుతోంది, పైన ఫ్యాను తిరుగుతోంది, తడిగుడ్డ పక్కన మడిచి పెట్టి ఉంది. నన్ను చూసి "కూర్చో నాయనా, సల్లగానే ఉందిలే" అంది.

నేను చదివిన రిపోర్టులు ఏవీ చేయని పని ఆ మాట చేసింది. మూడ్ కోసం చూడకండి, ఒక ఆదివారం పొద్దున్న రెండు గంటలు పెట్టండి చాలు.

రేకులకి సున్నం ఎలా వేస్తారు? మా ఇంటికి మేమే వేసుకోవచ్చా?

హాయిగా వేసుకోవచ్చు, స్లాబ్ ఇంటికి కూడా పనిచేస్తుంది. తెల్లని పైకప్పు ఎండని వెనక్కి కొడుతుంది, అంతే సూత్రం. తెలంగాణ 2023లో ఏకంగా కూల్ రూఫ్ పాలసీయే తెచ్చింది. సున్నం ముందు రోజు రాత్రి నానబెట్టుకోండి, వడకట్టండి, ఫెవికాల్ లాంటి జిగురు కలపకపోతే మొదటి వానకే కారిపోతుంది. పొద్దున్నే మొదలెట్టాలి, రేకు కాలిందంటే సున్నం పట్టకముందే ఎండి పొడి రాలుతుంది. సిమెంటు రేకుల మీద నడిచేటప్పుడు చాలా జాగ్రత్త, రేకు మధ్యలో కాలు వేస్తే విరిగి కింద పడతారు, కింద దూలం ఉండి బోల్టులు కనిపించే వరస మీదే చెక్క పలక వేసుకుని దాని మీద నడవాలి, కింద ఒక మనిషి ఉండాలి. పాత నాచుని పొడిగా గీకొద్దు, సిమెంటు రేకుల్లో చాలావాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి ప్రమాదం, తడిపి మెత్తటి చీపురుతో తోయండి, ముక్కుకి మామూలు గుడ్డ చాలదు, సన్నని దుమ్ము ఆపే మాస్క్ పెట్టుకోండి.

ఏసీ వాడటం తప్పా? మా నాన్నగారికి గుండె జబ్బు, ఏసీ లేకపోతే ఉండలేరు.

తప్పు కాదు. ఇంట్లో పెద్దవాళ్ళు, జబ్బున్న వాళ్ళు ఉంటే ఏసీ మందు లాంటిది, వేయండి, ఆ విషయంలో గిల్టీగా ఫీల్ అవ్వొద్దు. 2015 వేసవిలో వడగాలికి దేశంలో రెండు వేల మందికి పైగా పోయారు, ఎక్కువ మంది మన రెండు తెలుగు రాష్ట్రాల వాళ్ళే, కూలి పనికి వెళ్ళినవాళ్ళు, ముసలివాళ్ళు. 24 దగ్గర పెట్టి ఫ్యాను తోడు వేస్తే 18 కంటే హాయిగానే ఉంటుంది, ఒక్కో డిగ్రీకి ఆరు శాతం దాకా కరెంటు ఆదా. ఫ్యాను మార్చే పని పడితే బీఎల్డీసీ ఫ్యాన్ కొనండి, మామూలుది 75 వాట్లు లాగితే ఇది 30 ప్రాంతంలో లాగుతుంది.

మేడ మీద సోలార్ పెట్టిస్తే లాభమా?

సొంత ఇల్లు, నీడ పడని మేడ ఉంటే లాభమే. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకి 78,000 సబ్సిడీ వస్తుంది, సుమారు 300 చదరపు అడుగుల చోటు కావాలి, ఎండ బాగుంటే రోజుకి 12 యూనిట్ల దాకా ఇస్తుంది. పక్కన అపార్ట్‌మెంట్ లేస్తుందేమో చూసుకోండి, పలకలు పదిహేను రోజులకోసారి కడగండి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు దీని గురించి బాధపడకండి, చేయడానికి వేరే పనులున్నాయి.

మేం రైతులం. తుఫాను వస్తే మునుగుతున్నాం, లేకపోతే ఎండుతున్నాం. మాకు ఆశ గురించి చెప్పడానికి మీకు నోరెలా వస్తుంది?

మీరు అడిగింది న్యాయం. టౌన్లో కూర్చుని నేను మీకు చెప్పకూడదు, మీ దగ్గర నేర్చుకున్నదే చెప్తాను.

అనంతపురం వైపు కొంతమంది రైతులు వానాకాలానికి ముందే, ఏప్రిల్, మే ఎండల్లో, పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లుతున్నారు. మొదటిసారి విన్నప్పుడు నమ్మలేదు. విత్తనానికి మట్టి, బూడిద, ఆవు పేడతో చేసే ఘనజీవామృతం పట్టించి గుళికలు చేస్తారు, నేల మీద గడ్డో ఆకో కప్పుతారు, ఎప్పుడో పడే చిన్న జల్లుకీ రాత్రి తేమకీ అవి లేస్తాయి, అసలు పంట వేసేసరికి నేల మీద పచ్చగా ఏదో ఒకటి ఉంటుంది, నేల కాలదు, వాన పడితే నీళ్ళు కొట్టుకుపోకుండా ఇంకుతాయి. ఇదంతా 2016లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయం కార్యక్రమంలో భాగం, ఊళ్ళో మహిళా సంఘాల అక్కలే దాన్ని మోసుకెళ్తున్నారు. 2024లో పోర్చుగల్ వాళ్ళిచ్చే గుల్బెంకియన్ బహుమతి దీనికి కూడా వచ్చింది, 10 లక్షల యూరోల బహుమతి, ఇంకో ఇద్దరితో పంచుకున్నారు. అటు జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ చుట్టుపక్కల ఊళ్ళలో దళిత మహిళా సంఘాలు ప్రపంచం మిల్లెట్స్ అనే పేరు పలకడానికి ఎన్నో ఏళ్ళ ముందు నుంచే జొన్న, సజ్జ, కొర్ర విత్తనాలు దాచుకుంటూ వచ్చాయి, ఒక పంట పోయినా ఇంకోటి చేతికొచ్చేలా ఒకే చేలో కలిపి వేస్తారు.

వరి వేసేవాళ్ళకి ఒకటి. పొలంలో ఎప్పుడూ నీళ్ళు నిలబెడితే మట్టిలో గాలి ఆడక మీథేన్ పుడుతుంది. నీరు నేల కిందకి 15 సెంటీమీటర్లు దిగేదాకా ఆగి మళ్ళీ తడి ఇస్తే ఆ మీథేన్ దాదాపు సగం తగ్గుతుంది, మోటారు ఖర్చూ తగ్గుతుంది, ఈనే దశలో మాత్రం నీళ్ళు ఉంచాలి. చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ గొట్టం పొలంలో పాతితే నీళ్ళు ఎంత లోపలున్నాయో కనపడుతుంది. కాలువ ఎప్పుడొస్తుందో తెలియని చివరి భూముల వాళ్ళకి ఇది కుదరదు, వచ్చినప్పుడే నింపుకోవాలి, ఆ సంగతి నాకు తెలుసు. వాళ్ళని తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు, కాలువ సరిగా ఇమ్మని అడగడమే అక్కడ క్లైమేట్ పని.

మన దగ్గర నిజంగా గెలిచిన సందర్భం ఒక్కటైనా ఉందా?

ఉన్నాయి, అవి మనమే మర్చిపోతాం.

దివిసీమ. 1977 నవంబర్ 19. ఉప్పెన వచ్చి ప్రభుత్వ లెక్కల్లోనే సుమారు పది వేల మంది పోయారు. ఇప్పటికీ ఆ వైపు పెద్దవాళ్ళు ఏ విషయం చెప్పినా "ఉప్పెనకి ముందు, ఉప్పెన తర్వాత" అని చెప్తారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీదకే వచ్చింది, గంటకి 180 కిలోమీటర్ల గాలి, ఊళ్ళో పెద్ద చెట్టు అనేది మిగల్లేదు. కానీ మన రాష్ట్రంలో పోయిన ప్రాణాలు వంద లోపే. ఒక్కటి కూడా పోకూడదు, నిజమే. అయినా పది వేలకీ వందకీ మధ్య ఏముంది? రాడార్లు ఉన్నాయి, తుఫాను షెల్టర్లు ఉన్నాయి, రాత్రి పూట సైకిల్ మీద తిరిగి మైకులో చెప్పిన మనిషి ఉన్నాడు, గేదెల్ని వదిలి రానని మొండికేసిన ముసలాయన్ని చెయ్యి పట్టి లాక్కెళ్ళిన వలంటీర్ ఉన్నాడు. ఇదంతా దాదాపు నలభై ఏళ్ళు ఓపిగ్గా కట్టుకున్న పని.

సోంపేట. శ్రీకాకుళం జిల్లాలో బీల అంటారు, విశాలమైన చిత్తడి నేల, చేపలు, వరి, పక్షులు, దాని మీద బొగ్గు కరెంటు ప్లాంటు కడతామన్నారు. చదువుకున్నవాళ్ళు, జాలర్లు, రైతులు, డాక్టర్లు కలిసి నిలబడ్డారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి, ఆ త్యాగాన్ని గెలుపు లెక్కలో తేలిగ్గా కలిపేయకూడదు. ఆ వెంటనే పర్యావరణ అనుమతి రద్దయింది. ప్లాంటు రాలేదు. బీల ఉంది.

మొన్నమొన్న హైదరాబాద్‌లో కంచ గచ్చిబౌలి, సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న 400 ఎకరాల పచ్చని నేల, 2025 మార్చి చివర ఉగాది, రంజాన్ సెలవుల్లో రాత్రింబవళ్ళు బుల్డోజర్లు దిగాయి, యూనివర్సిటీ పిల్లలు లాఠీలు తిన్నారు, నెమళ్ళ అరుపులు వినిపించే వీడియోలు ఊరంతా తిరిగాయి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపమంది. అప్పటికే వంద ఎకరాల మేర పోయింది. మిగతాది నిలబడింది అంటే ఆ పిల్లలు హాస్టల్ గదుల్లో పడుకుని "మనవల్ల ఏమవుతుంది" అనుకోలేదు కాబట్టి.

ఇంకా పెద్దది కావాలంటే ఓజోన్ పొర. 1987లో మాంట్రియల్ ఒప్పందం చేసుకుని ఫ్రిజ్‌లలో వాడే, ఆ పొరని తినేసే గ్యాసుల్ని దేశాలన్నీ మెల్లగా దాదాపు ఆపేశాయి, ఇప్పుడా పొర మెల్లగా పూడుతోంది, 2040 ప్రాంతానికి చాలా చోట్ల పాత స్థితికి వస్తుందని అంచనా.

గవర్నమెంట్ చేయాల్సిన పనులు మనమెందుకు చేయాలి?

రెండూ చేయాలి. అహ్మదాబాద్‌లో 2010 మే నెల ఎండలకి వెయ్యి మందికి పైగా అదనంగా చనిపోయారు, ఆ తర్వాత డాక్టర్లు, పరిశోధకులు, కార్పొరేషన్ కలిసి కూర్చుని 2013లో హీట్ యాక్షన్ ప్లాన్ చేశారు, ముందుగా హెచ్చరిక, ఆస్పత్రుల్లో ఏర్పాట్లు, మంచినీళ్ళు. దానివల్ల ఏడాదికి సగటున వెయ్యికి పైగా మరణాలు తప్పాయని తర్వాత ఒక అధ్యయనం అంచనా వేసింది. ఆ పని ఏ ఒక్క ఇల్లూ చేయలేదు, ప్రభుత్వమే చేయాలి. కానీ బయట నుంచి కొందరు పట్టుబట్టకపోతే ప్రభుత్వం కదలదు. మేం ఒకసారి బస్టాండ్లో నీడ లేదని ఒక ఆఫీసుకి ఏడుసార్లు తిరిగాం, ఆరుసార్లు సార్ లేరన్నారు. ఏడోసారి సార్ ఉన్నారు. షెడ్డు వచ్చింది.

మొక్కలు నాటితే సరిపోతుందా?

సరిపోదు, కానీ నాటండి. ఫొటోకి నాటి వదిలేసే వంద మొక్కల కంటే రెండేళ్ళు నీళ్ళు పోసే ఒక్క కానుగ మొక్క మేలు. ఖమ్మం రెడ్డిపల్లి వనజీవి రామయ్య గారు, పద్మశ్రీ వచ్చినాయన, 2025 ఏప్రిల్‌లో పోయే దాకా సైకిల్ మీదో మోపెడ్ మీదో మొక్కలూ విత్తనాలూ పెట్టుకుని తిరుగుతూనే ఉన్నారు. ఆయన్ని ఎవరు మోటివేట్ చేశారు? రోజూ చేసే పని మనిషిని ఎలా నిలబెడుతుందో ఆయన్ని చూస్తే తెలుస్తుంది.

మా మామయ్య ఇదంతా అబద్ధం, ఎండలు ఎప్పుడూ ఉన్నవే అంటాడు. ఏం చెప్పాలి?

లెక్కలు చెప్పి గెలవాలని చూడకండి, నేను చాలాసార్లు ప్రయత్నించి ఒక బంధువుతో మాటలు పోగొట్టుకున్నా. ఆయన్నే అడగండి. మీ చిన్నప్పుడు రాత్రి ఆరుబయట మంచం వేసుకుంటే ఎన్నింటికి దుప్పటి కప్పుకునేవాళ్ళు మామయ్యా, మామిడి పూత ఎప్పుడొచ్చేది, బావిలో నీళ్ళు ఎంత లోతులో ఉండేవి. పెద్దవాళ్ళకి ఇవన్నీ బాగా గుర్తు. మాట్లాడుతూ మాట్లాడుతూ వాళ్ళే "అవునురా, ఇప్పుడు రాత్రి కూడా చల్లబడట్లేదు" అంటారు. అక్కడితో ఆపేయండి, టీ తాగండి.

పిల్లలకి ఏం చెప్పాలి?

అబద్ధం చెప్పకండి, మొత్తం భారం కూడా వాళ్ళ నెత్తిన పెట్టకండి. "మీ తరమే ప్రపంచాన్ని కాపాడాలి" అని స్టేజీల మీద పిల్లలతో అనడం నాకు అస్సలు నచ్చదు, పాడుచేసింది పెద్దవాళ్ళు, ముందు నడవాల్సింది కూడా పెద్దవాళ్ళే. పిల్లలకి చేతికి పని ఇవ్వండి, పిచ్చుకలకి నీళ్ళు పెట్టడం, మీటర్ రీడింగ్ రాయడం.

మా గ్రూపులో మొదట ముప్పై మంది, ఇప్పుడు నలుగురం. అలసిపోయాం.

నలుగురు చాలామంది. మాకూ ఇదే అయింది, రెండో ఏడు మే నెలలో పూర్తిగా ఆపేసి ఇళ్ళకి పోయాం, ఎవరితో ఎవరం మాట్లాడుకోలేదు, ఆగస్టులో ఒకరి ఇంట్లో ఉలవచారు భోజనానికి కలిసి మళ్ళీ మొదలెట్టాం. ప్రతి ఆదివారం రమ్మనకండి, నెలకి ఒకటి చాలు. పని అయ్యాక కలిసి టిఫిన్ చేయడం మానొద్దు, అది పనిలో భాగమే. వెళ్ళిపోయిన ఇరవై ఆరు మందిని తిట్టకండి, వాళ్ళలో కొందరు తిరిగొస్తారు, మాకు వచ్చారు.

మీతో ఒకరోజు రావచ్చా? ఏం తెచ్చుకోవాలి?

రండి. ఈసారి కూడా ఫిబ్రవరి రెండో ఆదివారం మొదలుపెడుతున్నాం. పొద్దున్న ఐదున్నరకి కొండ కింద టీ కొట్టు దగ్గరకి వచ్చేయండి, పాత బట్టలు, ఫుల్ హ్యాండ్స్ చొక్కా, తలకి తువ్వాలు, సున్నం కళ్ళలో పడకుండా కళ్ళజోడు, నీళ్ళ సీసా. చెప్పులు జారనివి అయి ఉండాలి. ఎత్తంటే భయం ఉన్నవాళ్ళు రేకు ఎక్కక్కర్లేదు, కింద సున్నం కలపడానికీ బిందెలు అందించడానికీ ఎప్పుడూ మనుషులు తక్కువే. మామ్మగారి రేకు ఈ ఏడు మళ్ళీ మాసింది, మొదటి ఇల్లు అదే.